సగం నోటి బేరం

ఈమధ్య ఒక కాలేజీలో కొత్తగా చేరిన పళ్ళ డాక్టరు విద్యార్థులు నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పడం అయ్యాక ఒక అమ్మాయి లేచి, మేడమ్, మీరు మొత్తం ఎన్ని పళ్ళు పీకి ఉంటారు అని అడిగింది. పీకినవి నేను లెక్కపెట్టుకోలేదమ్మా, పీకకుండా వదిలేసినవి మాత్రం విశాఖపట్నంలో ఇంకా జంతికలు నములుతున్నాయి అన్నాను. హాలంతా నవ్వింది. ఆ అమ్మాయీ నవ్వింది గాని, నా మాట ఆమెకి ఒట్టి వేళాకోళంగానే చేరిందని మొహం చూస్తే తెలిసిపోయింది. నేను వేళాకోళం ఆడలేదు. నేను చేసిన ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. అందుకని కూర్చుని రాస్తున్నాను.

ఏ ఏట ఏ పదవి వచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి రాయను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, వాటి సంగతి చిమ్మెటలు చూసుకుంటాయి. నేను రాసేది ఒక సన్నాయి విద్వాంసుడి నోటి గురించి, నేను చేసిన రెండు పెద్ద తప్పుల గురించి, నాకు పని నేర్పి నాతోనే పోట్లాడిన ఒక పెద్దమనిషి గురించి.

గాజు సీసా

మా నాన్నది కృష్ణా జిల్లా. పోర్టులో గుమాస్తా ఉద్యోగం దొరికి, మా చిన్నప్పుడే విశాఖపట్నం వచ్చేశారు. నేను హైదరాబాదులో చదువు ముగించుకుని తిరిగొచ్చేసరికి డెబ్బైల మధ్య రోజులు. ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని ఊరంతా చెప్పుకుంటోంది. గోదావరి జిల్లాల నుంచి, మా కృష్ణా నుంచి సంసారాలకి సంసారాలు ట్రంకుపెట్టెలతో రైలు దిగుతున్నాయి. పాత టౌనులో పేరున్న ఒక పళ్ళ ఆసుపత్రిలో అసిస్టెంటుగా చేరాను. దాన్ని నడిపే ఆయన్ని ఊరంతా పెద్ద డాక్టరుగారు అనేవారు. నేనూ ఇక్కడ అలాగే అంటాను.

ఆయన చేతివాటం గురించి చెప్పి తీరాలి. పన్ను పీకితే మనిషికి తెలిసేది కాదు. "ఏ ఊరు నాయనా మీది?" అని మాటల్లో పెట్టేవారు. వాడు ఆనందపురం అనేలోపు పన్ను పళ్ళెంలో ఉండేది. కిటికీ పక్కన ఆవకాయ జాడీ అంత గాజు సీసా ఒకటి ఉండేది, దాని నిండా ఆయన పీకిన పళ్ళు. వచ్చినవాళ్ళు దాన్ని చూసి దణ్ణం పెట్టినంత పని చేసేవారు.

నన్ను చూస్తే ఆ నమ్మకం ఎవరికీ కలిగేది కాదు. నేను సన్నటి మనిషిని, అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. రేవులో బస్తాలు మోసే కలాసీలు గుమ్మంలోనే ఆగి, ఈ పాప పీకగలదేటి అని కాంపౌండరుని అడిగేవారు. పెద్ద డాక్టరుగారు నవ్వుకుని నన్ను గార తీసే పనిలో పెట్టారు. ఆ రోజుల్లో పీకడం వైద్యం, గార తీయడం చాకిరీ. నాకు చాకిరీయే దక్కింది. దక్కడమే నా అదృష్టమని అప్పుడు తెలియదు, ఒక నెల రోజులు ఇంటికొచ్చి అమ్మ దగ్గర ఏడ్చాను.

ఈ వృత్తిలో లేనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. పొద్దున లేవగానే మనం కడుక్కునే పాచి ఉందే, అది రాత్రి తిన్న అన్నం తాలూకు మిగులు కాదు. బతికున్న సూక్ష్మజీవులు గుంపుగా కట్టుకున్న పొర అది. పన్నూ చిగురూ కలిసే గీత దగ్గర కాపురం పెడుతుంది. రోజూ కదిలిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. కదిలించకపోతే పెరుగుతుంది, చిగురు ఎర్రబడి ఉబ్బుతుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది. పాత పాచిలో ఉమ్మిలోని సున్నం చేరి రాయిలా బిగుసుకుంటే అదే గార. అలా ఏళ్ళు గడిస్తే చాలామందికి పన్నుని పట్టుకున్న ఎముక కొంచెం కొంచెం కరిగిపోతుంది. ఒక్క పుచ్చు కూడా లేని పన్ను ఊగి ఊడిపోతుంది.

ఇదంతా మా పుస్తకాల్లో అప్పుడప్పుడే గట్టిగా చెబుతున్నారు. మా పెద్దలు మాత్రం వయసన్నారు, వంశమన్నారు, ఒంట్లో వేడన్నారు. జనం ఇంకో అడుగు ముందుకేసి, రక్తం వస్తోంది కదా అని సరిగ్గా ఆ చోటే తోమడం మానేసేవారు. బొగ్గూ ఇటుకపొడీ పొగాకు గుడాకూ పెట్టి పన్ను మధ్యలో మాత్రం అద్దంలా రుద్దేవారు. చిగురు పక్కన పాచి హాయిగా ఉండేది.

కొండనాలుకకి మందు

నా మొదటి తప్పు ఒక గోదావరి జిల్లా ఆయన మీద చేశాను. కంచరపాలెంలో కాపురం, ఉక్కు ప్రాజెక్టు ఆఫీసులో పని. కింది పళ్ళ వెనక గార గోడలా పేరుకుపోయి ఉంది. నాకు పండగ అనిపించింది. ఒక్క పూటలో మొత్తం తీసేసి, అద్దం చేతికిచ్చి, చూసుకోండి అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

మూడో రోజు పొద్దున్నే వచ్చి, వరండా నిండా జనం ఉండగా, నాలుగు కింది పళ్ళని వేలితో ముందుకీ వెనక్కీ ఊపి చూపించాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడగొట్టిందండీ ఈవిడ, అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి మరీ చెప్పాడు. నిజానికి ఆ పళ్ళ కింద ఎముక అంతకుముందే పోయింది. గారే వాటిని ఒకదానికొకటి కట్టేసి నిలబెట్టింది. ఆ మాట గార తీయకముందు చెబితే వైద్యం, తీశాక చెబితే సాకు. నేను చెప్పినది ఎవరూ వినలేదు, వినకపోవడం న్యాయమే.

అప్పటినుంచి పాత టౌనులో నాకొక పేరు స్థిరపడింది. డాక్టరమ్మ గోకితే పళ్ళు ఊగుతాయట. కొన్నాళ్ళు గార తీయించుకోవడానికి ఒక్కరూ రాలేదు. పెద్ద డాక్టరుగారు నన్ను కసరలేదు. అందుకే పీకెయ్యమంటాను, పీకిన పన్ను తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యదు అన్నారు. అప్పుడు మండిపోయింది గాని, ఆ మాటలో ఎంత హాస్యం ఉందో ఇప్పుడు ఒప్పుకుంటాను.

మస్తాన్ సాహెబు

ఆ మాఘమాసం పెళ్ళిళ్ళ హడావుడి అయ్యాక ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకాయన మస్తాన్ సాహెబు, పాత టౌను మనిషి, తాతల నాటి నుంచి సన్నాయి వాయించే కుటుంబం. నలభై దాటాయి. సింహాచలంలో పెళ్ళి అంటే ఆయన మేళమే కావాలని పట్టుబట్టేవాళ్ళుండేవారు. రెండో ఆయన డోలు వాయించే అప్పలరాజు, కంచరపాలెం. ఇద్దరిదీ చిన్నప్పటినుంచీ ఒకే మేళం. ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు. ఒకళ్ళకి పన్ను నొప్పి అయితే ఇంకొకళ్ళు చెప్పేవారు.

సాహెబు కింది ముందు పళ్ళు నాలుగూ కదులుతున్నాయి. సన్నాయి ఊదేవాళ్ళు కింది పెదవిని పళ్ళ మీదకి మడిచి, దాని మీద పీక ఆనించి ఊదుతారు. పీక అంటే సన్నాయి కొనకి పెట్టే రెల్లు ముక్క. పై స్థాయికి వెళ్ళినకొద్దీ పెదవి బిగించాలి, ఆ బిగువుకి ఆధారం కింది పళ్ళు. ఆధారమే ఊగుతుంటే స్వరం జారిపోతుంది. మాఘంలో ఒక పెళ్ళిలో తాళి కట్టే సమయానికి స్వరం జారిందనీ, అప్పలరాజు డోలు గట్టిగా కొట్టి దాన్ని కప్పేశాడనీ చెప్పారు. చెబుతున్నది అప్పలరాజు. సాహెబు నేలకేసి చూస్తూ కూర్చున్నాడు.

పెద్ద డాక్టరుగారు రెండు వేళ్ళతో చూసి పయోరియా అనేశారు. ఇవాళ కాకపోతే రేపు వాటంతటవే రాలతాయి, తీసేసి పళ్ళ సెట్టు కట్టిద్దాం అన్నారు. సాహెబు అప్పుడు తలెత్తాడు.

"సెట్టు ఎట్టుకుని సన్నాయి ఊదినోణ్ణి నాను ఇంతవరకూ సూళ్ళేదు బాబూ. నాకు ఇంకో పనేటీ రాదు."

ఆయన గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. నలుగురు మనుషుల మేళం ఆ నాలుగు పళ్ళ మీద నిలబడి ఉంది. వెనకనుంచి, అయ్యా, ఈ కేసు నాకు వదిలెయ్యండి అన్నాను. నా నోటినుంచి ఆ మాట వచ్చిందని నాకే నమ్మకం కలగలేదు.

 పెద్ద డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ తీర్పు చెప్పారు. వైశాఖంలో తన తమ్ముడి కూతురి పెళ్ళి సింహాచలంలో జరుగుతుంది, మేళం సాహెబుదే. ఆ రోజు ముహూర్తం దాకా సాహెబు ఊదగలిగితే, చిగుళ్ళ గురించి నేను చెప్పిందల్లా తను వింటారు. ఊదలేకపోతే ఆ మర్నాడు ఆ పళ్ళు నా చేత్తో నేనే పీకాలి, ఇంక పాచీ గీచీ అని తన దగ్గర ఎత్తకూడదు. సరేనన్నాను. చేతిలో రెండున్నర నెలలు ఉన్నాయి.

ఏడు పురుగులు

మొదటి తప్పుతో బుద్ధొచ్చింది కాబట్టి, ఈసారి పనిముట్టు ముట్టుకోకముందే అంతా చెప్పాలనుకున్నాను. చెప్పడం ఎందుకు, చూపించేద్దామనిపించింది. ఆసుపత్రి మేడ మీద రక్తపరీక్షల ల్యాబు ఉండేది. అది నడిపే ఆయన్ని బతిమాలి మైక్రోస్కోపు ఒక గంట కిందికి తెచ్చుకున్నాను. సాహెబు చిగురు అంచునుంచి చిటికెడు పాచి తీసి, ఉప్పునీటి బొట్టులో కలిపి, గాజు పలక మీద పెట్టి చూడమన్నాను.

ఆయన చాలాసేపు చూశాడు. పొడుగ్గా ఉన్నవి, మెలితిరిగినవి, గిరగిరా తిరిగేవి, వేలకొద్దీ. బతికున్నాయమ్మా అన్నాడు మెల్లిగా. ఇవే మీ చిగుళ్ళని తింటున్నాయి సాహెబ్, రేపు రండి, మొదలుపెడదాం అన్నాను. వాళ్ళు వెళ్ళాక నా తెలివికి నేనే మురిసిపోయి, ల్యాబు ఆయనకి కాఫీ కూడా ఇప్పించాను.

మర్నాడు సాహెబు రాలేదు. వారమైనా రాలేదు. ఎనిమిదో రోజు అప్పలరాజు ఒక్కడే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మొహంలో సంతోషం.

"బావ పురుగులు తీయించేసుకున్నాడమ్మా. ఏడు పడ్డాయి. మీరు సూపించబట్టి తెలిసింది."

అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. పళ్ళలో పురుగులుంటాయని మన దేశంలో ప్రతి ఇంట్లో ముసలమ్మలు చెబుతారు. వాకుడు గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ గొట్టంతో నోట్లోకి పట్టించి, పురుగులు పళ్ళెంలో రాలాయని చూపించేవాళ్ళు ప్రతి సంతలోనూ ఉండేవారు. సాహెబు దాన్ని ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదట. హైదరాబాదులో చదివిన డాక్టరమ్మ అద్దంలో పెట్టి మరీ చూపించాక ఇంక అనుమానం దేనికి? తిన్నగా కంచరపాలెం సంతకి వెళ్ళిపోయాడు.

పాత టౌను సందులో ఆయన ఇంటికి ఆ సాయంత్రమే వెళ్ళాను. పొగ వేడికి పెదవీ చిగురూ బొబ్బలెక్కి ఉన్నాయి, అన్నం కూడా తినలేకపోతున్నాడు. ఆయన భార్య నాకు టీ ఇచ్చి, పురుగులు దాచిన అగ్గిపెట్టె భద్రంగా తెచ్చి చూపించింది. నాకు ఆయన మీద కోపం రాలేదు. నా మీద నాకే వచ్చింది.

బొబ్బలు మానాక ఆ అగ్గిపెట్టెతో సహా రమ్మన్నాను. అందులో ఒకదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాను. చూపు నిండా అదే, అంచులు కూడా కనిపించలేదు. దాని పక్కన ఆయన పాచి మళ్ళీ పెట్టాను. మొదటిరోజు ఎన్ని ఉన్నాయో అన్నీ ఉన్నాయి.

"ఆ ఏడూ పోయినా ఇవి ఇలాగే ఉన్నాయి చూడండి. వీటిని ఒకసారి తీసేస్తే పోవు సాహెబ్. రోజూ తియ్యాలి. తియ్యాల్సింది నేను కాదు, మీరు."

ఆయన అటొకసారి ఇటొకసారి చూసి, "రోజూనా?" అన్నాడు. నేనెప్పుడూ అనుకోని ప్రశ్న అది. మనిషి రోగానికి భయపడడు, రోజూ అనే మాటకి భయపడతాడు. పిల్లలూ, ఇది రాసుకోండి. మనం కొత్త సంగతి చెప్పగానే అది పేషెంటు బుర్రలో ఖాళీ గదిలోకి వెళ్ళదు. అక్కడ ముందునుంచీ ఒక కథ కాపురం ఉంటుంది, మన మాట వెళ్ళి ఆ కథ పక్కన కూర్చుంటుంది. ముందు ఆయన కథ అడగాలి. నేను అడగలేదు, ఆయన పెదవి కాలింది.

బేరం

ఇంత జరిగాక కుర్చీలో కూర్చోబెట్టి పనిముట్టు తీసుకునేసరికి ఆయన నోరు మూసేశాడు. డాక్టరమ్మ గోకితే పళ్ళు ఊగుతాయన్న మాట ఆయనదాకా వెళ్ళింది. నేను గోదావరి ఆయన సంగతి దాచకుండా చెప్పాను, నా తప్పు ఎక్కడో కూడా చెప్పాను. గార తీశాక మొదటి వారం పళ్ళు ఇంకొంచెం కదిలినట్టుంటుందనీ, రక్తం వస్తుందనీ, ఆగకుండా తోమితే రెండు వారాల్లో తగ్గుతుందనీ చెప్పాను. ఆయన అప్పలరాజు మొహంలోకి చూశాడు. ఇద్దరూ వరండాలోకి వెళ్ళి ఏదో మాట్లాడుకుని వచ్చారు.

"ఒక పక్కే సెయ్యండమ్మా. అది ఊగితే రెండో పక్కనించి ఊదుకుంటాను."

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. వైద్యంలో బేరాలేమిటి, సగం నోరు బాగు చెయ్యడమేమిటి? కానీ ఆ మనిషి బతుకు మొత్తం నా చేతిలో పెట్టమంటున్నాను, ఆయన సగం పెడతానంటున్నాడు. మొన్నమొన్ననే నా తెలివి చూసి పెదవి కాల్చుకున్నవాడు సగం నమ్మడమే గొప్ప. సరే, కుడిపక్క అన్నాను.

మూడు పూటల్లో కుడిపక్క గారంతా తీశాను. మెత్తటి బ్రష్షు ఇచ్చి, చిగురు గీత మీద కొంచెం వాల్చి, రుద్దకుండా మెల్లిగా కదపడం నేర్పాను. పాచికి మాత్రమే పట్టే గులాబీ రంగు మందు పూసి, ఎక్కడెక్కడ వదిలేశాడో అద్దంలో చూపించాను. పంటికీ పంటికీ మధ్య ఎలా తియ్యాలన్నది పెద్ద చిక్కయింది. దానికి సరైన దారం మన ఊళ్ళో దొరికేది కాదు. ఆ చిక్కు సాహెబే విడదీశాడు. సన్నాయి పీకని కట్టే సన్నటి దారం ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. దాన్ని రెండు చేతుల వేళ్ళకి చుట్టుకుని, పళ్ళ సందులోకి దించి, పీక కట్టేటప్పుడు ఎంత ఒడుపుగా లాగుతాడో అంత ఒడుపుగా లాగాడు. నాకన్నా బాగా చేశాడని చెప్పడానికి నాకేమీ సిగ్గులేదు.

అప్పలరాజు కాపలా కాశాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి బావ నోరు తెరిపించి చూసేవాడు. రంగు మందు సీసా తనే పట్టుకుపోయాడు. రెండు రోజులు మానేస్తే మూడో రోజు ఆసుపత్రికొచ్చి ఫిర్యాదు చేసేవాడు. మొదటి వారం రక్తం చూసి సాహెబు బెదిరిపోయాడు గాని, ముందే చెప్పి ఉన్నాను కాబట్టి మానలేదు. పది రోజులకి తగ్గింది, రెండు వారాలకి కుడిపక్క ఆగిపోయింది.

మూడు వారాలయ్యాక మళ్ళీ మైక్రోస్కోపు దించాను. కుడిపక్కదొకటి, ఎడమపక్కదొకటి, రెండు పలకలు పెట్టి, ఏది ఏదో చెప్పకుండా చూడమన్నాను. ఒకదాన్లో అక్కడక్కడా గుండ్రటివి, కదలకుండా. రెండోదాన్లో మెలికలు తిరుగుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, సంతే. ఆయన రెండోదాని దగ్గరనుంచి తల ఎత్తి, ఇది ఎడమపక్కది అన్నాడు. నేనేం చెప్పకుండానే కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఎడమ పక్క ఏటి పాపం సేసిందమ్మా? దాన్నీ సేసెయ్యండి."

ఆ రోజు నేను పొందిన ఆనందం ఏ శాలువాలోనూ లేదు. పేరుకి గార తీశాను గాని, ఒక మనిషి తన కళ్ళతో చూసి, తన నోటితో చెప్పి, తనకు తానుగా వెనక్కి వాలడం చూశాను. ఎడమపక్క కూడా అయింది. వెనక దౌడపన్ను ఒకటి మాత్రం నిలబడే స్థితిలో లేదు. అది నేనే పీకాను. పెద్ద డాక్టరుగారు గుమ్మంలో నిలబడి చూసి, చెయ్యి బాగానే ఉందే అన్నారు, అంతే.

సింహాచలం

పోయిన ఎముక తిరిగి రాదు. ఆ ముందు పళ్ళు రాళ్ళలా బిగుసుకున్నాయని నేను చెప్పను. కదలడం చాలావరకు తగ్గింది, వాపు పోయింది, పీక ఆనిస్తే నొప్పి లేదు. ఇంట్లో ఊదితే బాగానే ఉందన్నాడు. ఎండలో, జనంలో, గంటల తరబడి ఊదితే ఎలా ఉంటుందో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

వైశాఖం ఎండ మీకు తెలియంది కాదు. కొండ మీద రాళ్ళు కాలిపోతున్నాయి. పెద్ద డాక్టరుగారు పట్టుపంచెలో అటూ ఇటూ తిరుగుతున్నారు, నన్ను చూసి తల ఊపారు. ఎదురుకోలు దగ్గర మొదలుపెట్టిన మేళం స్నాతకమైనా ఆగలేదు, కాశీయాత్రైనా ఆగలేదు. నేను పెళ్ళికూతురిని చూడలేదు, పెళ్ళికొడుకునీ చూడలేదు. సాహెబు కింది పెదవినే చూస్తూ కూర్చున్నాను. పక్కన కూర్చున్న ఒకావిడ నాకు సంగీతమంటే ఇంత పిచ్చా అని మెచ్చుకుంది.

జీలకర్రా బెల్లమూ అయ్యాయి. పురోహితుడు వేలెత్తగానే అప్పలరాజు డోలు అందుకున్నాడు, గట్టిమేళం. సాహెబు పై స్థాయికి ఎక్కాడు. మాఘంలో జారింది ఇక్కడే. పెదవి బిగిసింది, మెడ నరం ఉబ్బింది, స్వరం నిలబడింది. తాళి కట్టడం అయిపోయింది, అక్షింతలు అయిపోయాయి, జనం చేతులు దులుపుకుంటున్నారు, ఆయన మాత్రం ఆ స్వరం వదల్లేదు. అప్పలరాజు నవ్వుతూ డోలు మీద చెయ్యి ఆపేసి బావని ఒంటరిగా వదిలేశాడు. కప్పాల్సింది ఏమీ లేదని నలుగురికీ వినిపించాలనుకున్నాడని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. పక్కావిడ తన చేతిరుమాలు ఇచ్చింది.

భోజనాలయ్యాక సాహెబు చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి, పెళ్ళివారందరి మధ్యా జేబులోంచి దారం తీసి పళ్ళ సందుల్లో లాగడం మొదలుపెట్టాడు. మగపెళ్ళివారు వింతగా చూశారు. ఆయన తొందరపడకుండా అన్ని సందులూ పూర్తి చేశాడు.

తర్వాత గెలిచినవీ, గెలవనివీ

తర్వాతి ఏళ్ళ గురించి క్లుప్తంగా చెప్పేస్తాను. సాహెబు ఎనభైల దశకం చివరిదాకా అవే ముందు పళ్ళతో ఊదాడు. ఆయన్ని చూసి మేళాలవాళ్ళు వచ్చారు, వాళ్ళని చూసి వాళ్ళ ఇంట్లోవాళ్ళు వచ్చారు. సగం నోటి బేరాన్ని నేనే అలవాటు చేసుకున్నాను. అనుమానపడ్డవాళ్ళందరికీ, ముందు ఒక పక్కే చేస్తాను, నచ్చితే రెండోది చేయించుకోండి అనేదాన్ని. రెండో పక్కకి రానివాళ్ళు చాలా తక్కువ. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో క్రేన్ డ్రైవర్లు సైకిళ్ళ మీద వచ్చి, మైక్రోస్కోపులో మా జంతువుల్ని చూపించండి అని అడిగేవారు. పుస్తకాలు కూడా మారాయి. ఏ జీవి ఎంత చెరుపు చేస్తుందో వేరువేరుగా చెప్పడం మొదలుపెట్టారు. మెలితిరిగినవాటి మీద సాహెబు ముందే తీర్పు చెప్పేశాడని నేను మురిసిపోయేదాన్ని.

అన్నీ గెలిచానని కాదు. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే మా రేవు ముసలమ్మల దగ్గర నా మాట ఒక్కటీ చెల్లలేదు. నాను సచ్చినాక మానేత్తానే తల్లీ అని నా బుగ్గ గిల్లి పోయేవారు. గోదావరి ఆయన మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆయన నాలుగు పళ్ళూ ఏమయ్యాయో నాకు తెలియదు, తెలుసుకోవాలని ఇప్పటికీ ఉంది.

కుర్చీ

ఒక్క సంగతి కావాలనే చివరికి ఉంచాను. సింహాచలం పెళ్ళి అయిన మూడో రోజు, ఆసుపత్రి ఇంకా తెరవకముందే నేను వెళ్ళేసరికి పెద్ద డాక్టరుగారు వచ్చి ఉన్నారు. కిటికీ పక్కన గాజు సీసా లేదు, సీసా ఉండే చోట గుండ్రటి మరక ఉంది. ఆయన పేషెంటు కుర్చీలో కూర్చుని ఉన్నారు. కూర్చోవడం కూడా కొత్తగా ఉంది, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

అప్పటికి రెండేళ్ళుగా ఆయన దగ్గర పనిచేస్తున్నాను. ఆయన పళ్ళు నేనెప్పుడూ సరిగ్గా చూడలేదని అప్పుడు తట్టింది. ఎంత నవ్వినా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మర్యాద అనుకున్నాను.

"పొద్దున్నే ఉమ్మితే రక్తం. ఎన్నేళ్ళుగానో," అన్నారు. ఎవరికైనా ఎందుకు చూపించుకోలేదని అడిగాను. ఆయన కిటికీ వైపు చూశారు.

"భయం. నేను అందరికీ చేసేదే నాకూ చేస్తారని."

ఊళ్ళో ఎంతమంది పళ్ళో పువ్వు కోసినంత తేలిగ్గా తీసిన చెయ్యి ఆయనది. ఆ చెయ్యి కుర్చీ పట్టీని గట్టిగా పట్టుకుని ఉంది. నేను గెలిచానన్న గర్వం మూడు రోజులుగా నాలో పొంగుతోంది. అది అక్కడే చల్లబడి, దాని చోట ఆయన మీద ప్రేమ మిగిలింది. పని నేర్పిన మనిషి, మాట ఇచ్చాడు, మాట కోసం నా ముందు నోరు తెరవడానికి వచ్చాడు.

చేతులు కడుక్కున్నాను. గార తీశాక మొదటి వారం ఎలా ఉంటుందో, రక్తం ఎప్పుడు ఆగుతుందో, ఆయనకి తెలియంది ఏదీ లేకపోయినా, మొదటినుంచి చివరిదాకా అన్నీ చెప్పాను. ఆయన మంచి పేషెంటులా అన్నీ విన్నారు. పనిముట్టు చేతిలోకి తీసుకోగానే వేలెత్తి ఆపారు.

"ముందు ఒక పక్కే చెయ్యమ్మా," అన్నారు.